రీవైల్డింగ్‌కి తెలుగు మాట: కార్శి? విడుపు?

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకి పాఠం రాస్తున్నాను. 1995లో కెనడా నుంచి 14 తోడేళ్లను తెచ్చి అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో విడిచిన కథ. 'రీవైల్డింగ్' దగ్గర ఆగిపోయాను, అంటే నేలను ప్రకృతికే వదిలి మళ్లీ తనంతట తాను అడవి కానివ్వడం. 'పునర్వన్యీకరణ' అంటే పిల్లలు ఆ పేరా వదిలేసి పోతారు. మొక్కలు నాటడం కాదిది. మంచి మాటుంటే చెప్పండి.

అనకాపల్లి నుంచి: మా వైపు 'కార్శి' ఉందండి. చెరకు నరికాక మోళ్లు ఉంచేస్తే పిలకలొచ్చి మళ్లీ తోటవుతుంది, కొత్తగా ముచ్చెలు నాటక్కర్లేదు. అడవికీ అదే అంటే పోలా?

కడప నుంచి: మాట బాగుందక్కా. కానీ కార్శికి నీళ్లు పెట్టేదీ, చివరికి గానుగకు తోలేదీ రైతే కదా! అసలు మన భాషకే అడవంటే చిన్నచూపు. సాగు మానేస్తే చేను 'పాడుబడింది' అంటాం. వృథా అయినదాన్ని 'అడవిగాచిన వెన్నెల' అంటాం. ఆ వెన్నెల్లో తిరిగే కలివికోడిని ఎవరైనా అడిగారా? 1900 తర్వాత కంటబడక, ఆ పిట్ట అంతరించిందనే అనుకున్నారు శాస్త్రజ్ఞులు. 1986లో మా లంకమల కొండల దగ్గర దొరికింది. ఊళ్లవాళ్లు దాని పేరును కలివి పొదతోనే కట్టేశారు. ఆ పండ్లు తిన్నవాళ్లకి తెలుసు, పాలకి పెదాలు అతుక్కుపోతాయి.

ప్రశ్న అడిగినవారు: తోడేళ్లను 'విడిచారు' అని నేనే రాశాను, చూసుకోలేదు! దేవుడి పేరున ఆంబోతును విడిచినట్టు నేలనూ విడవచ్చు కదా. 'అడవికి విడుపు'. 'పట్టువిడుపులు'లో ఉన్న మాటే, పిల్లలకి కొత్త కాదు.

అనకాపల్లి నుంచి: ఇది నా కార్శి కంటే నయం. ఒప్పుకున్నాను. అయితే అచ్చోసిన ఆంబోతు అంటే తిట్టు కూడానండోయ్, క్లాసులో నవ్వుతారు.

కడప నుంచి: నవ్వనీండి. ఒక్కటి మాత్రం చేర్చండి సార్. కలివికోడికి పొద మరీ పలచగా ఉన్నా, మరీ చిక్కబడినా పనికిరాదు. మధ్యలో పరుగెత్తే జాగా కావాలి. మేకలు మేయడం, జనం కట్టెలు కొట్టుకోవడం కూడా ఆ జాగాను ఉంచుతాయి. విడుపంటే మా మేకల్ని తోలేయడం అనుకుంటారేమో పిల్లలు.