న్యూరోసర్జరీ కోసం అమెరికాలో రెండేళ్లు జీతం లేని రీసెర్చ్: పనికొస్తుందా, దండగా?

గోదారి_ఐఎంజీ:
కాకినాడలో హౌస్‌సర్జన్సీ చేస్తున్నాను. అమెరికాలో న్యూరోసర్జరీ రెసిడెన్సీ (అక్కడి పీజీ ట్రైనింగ్) చేయాలని కోరిక. 2022 జనవరిలో అక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1ని స్కోరు లేకుండా పాస్/ఫెయిల్ చేసేశారు కాబట్టి ఇక రెండో పరీక్ష స్టెప్ 2 సీకే స్కోరు, రీసెర్చ్ పేపర్లే దిక్కని సీనియర్లు అంటున్నారు. ఒక ల్యాబ్ నుంచి పిలుపొచ్చింది. రెండేళ్లు, రూపాయి జీతం లేదు. నాన్న రిటైరయ్యారు, అదో టెన్షన్. వెళ్లమంటారా?

స్టెప్‌టూ_బాధితుడు:
వద్దు తమ్ముడూ. నేను వెళ్లొచ్చినవాణ్నే. ఆరు వందల పైచిలుకు కేస్ షీట్లు తిరగేసి ఎక్సెల్‌లో ఎక్కించాను. పేపర్లో నా పేరు ఐదోది. చివర్లో రికమెండేషన్ లెటర్ అడిగితే మా బాస్, "నువ్వు పేషెంటుతో మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు, ఏం రాయమంటావు?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, నిజంగానే చూడలేదు. ఇంటర్వ్యూలు రెండే వచ్చాయి. ఇప్పుడు ఇంటర్నల్ మెడిసిన్‌లో ఉన్నాను.

తార్నాక_డాక్టరమ్మ:
అన్నా, మీకు దొరికిన ల్యాబ్ అలాంటిది. అంతమాత్రాన అందర్నీ వద్దంటే ఎలా? మా ల్యాబ్ పక్కనే కేస్ కాన్ఫరెన్స్ జరిగేది. ఎవరూ పిలవకపోయినా ప్రతి గురువారం పోయి వెనక వరసలో కూర్చునేదాన్ని. ఆర్నెల్లకు క్లినిక్‌లో నిలబడనిచ్చారు. నా లెటర్ అక్కడ పుట్టిందే. ఇంకోటి, మ్యాచ్ అయినవాళ్ల, అంటే రెసిడెన్సీ సీటు దొరికినవాళ్ల పబ్లికేషన్ల సగటు చూసి బెదిరిపోకు. ఆ మ్యాచ్ నడిపే ఎన్‌ఆర్‌ఎంపీ సంస్థ లెక్కలో పేపర్లు, పోస్టర్లు, అబ్‌స్ట్రాక్టులు అన్నీ ఒకే గంపలో పోస్తారు.

డల్లాస్_బావ:
సిగ్నల్స్, అంటే మీ ప్రోగ్రాం అంటే నాకు బాగా ఇష్టమని అప్లికేషన్‌తో పంపే గుర్తుల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 2025 సీజన్‌లో న్యూరోసర్జరీకి 25, ఆర్థోపెడిక్స్‌కి 30. సిగ్నల్ పంపని ప్రోగ్రాం నుంచి ఇంటర్వ్యూ రావడం గగనమే. పైగా ఇక్కడి స్టూడెంట్లు ఫైనలియర్‌లో ఎవే రోటేషన్‌కి, అంటే వేరే ఆస్పత్రిలో ట్రైనింగ్‌కి వెళ్లి నాలుగు వారాలు తెల్లారకముందే రౌండ్స్‌లో కనబడతారు. వాళ్ల పనితనం, అలసిపోయినప్పుడు వాళ్ల మాటతీరు అన్నీ తెలిసిపోతాయి. డిగ్రీ అయిపోయిన మనకు ఎక్కువగా దొరికేది చేతులు కట్టుకుని నిలబడే అబ్జర్వర్‌షిప్. వీసా సరేసరి: హెచ్1బీ కావాలంటే స్టెప్ 3 ముందే గట్టెక్కాలి, చాలాచోట్ల జే1 తప్ప ఇవ్వరు. ఇంత పోటీ ఉన్న బ్రాంచికి స్కోరు ఒక్కటే చాలదు. తెలిసిన సర్జన్ ఒకరు ఫోనెత్తి చెప్పాలి.

స్టెప్‌టూ_బాధితుడు:
ఆ ఫోనెత్తే మనిషి దొరుకుతాడన్న గ్యారంటీ ఏది బావా? ఇంటి అద్దె ఎవరు కడతారు?

తార్నాక_డాక్టరమ్మ:
గ్యారంటీ లేదు, ఒప్పుకుంటా. నేను మా పిన్ని వాళ్లింట్లో ఉన్నాను కాబట్టి సాగింది.

గోదారి_ఐఎంజీ:
అక్కా, శుక్రవారంలోగా ఆ ల్యాబ్‌కి జవాబివ్వాలి. క్లినిక్‌లోకి రానిస్తారా అని ముందే అడిగితే తప్పుగా అనుకుంటారా?

తార్నాక_డాక్టరమ్మ:
అడుగు. ఫోన్లో కాదు, మెయిల్లో అడుగు. అక్కడ ఇంతకుముందు చేసినవాళ్లు ఎక్కడ మ్యాచ్ అయ్యారో కూడా అడుగు. నీళ్లు నమిలితే మానెయ్.