"ఇచిదో ని": ఒకేసారియా, ఒక్కసారిగానా?

జపానులో ఒమోతో మతానికి ఆద్యురాలైన దెగుచి నావో (1837–1918) వాక్కుల్లో ప్రసిద్ధమైన "సన్జెన్ సెకాయ్ ఇచిదో ని హిరకు ఉమె నో హన"కు ఎప్పుడో ఒక ఉపన్యాసంలో తెలుగు విన్నాను. "మూడువేల లోకాలూ" అన్నంతవరకే గుర్తుంది. తక్కినది విచ్చుకునే ఉమె (వసంతంలో పూసే ఒక చెట్టు) పువ్వు గురించి. మధ్యలోని "ఇచిదో ని"కి ఆ ఉపన్యాసంలో వచ్చింది "ఒకేసారి"యా, "ఒక్కసారిగా"నా?

— ఒక్కసారిగానే అయివుంటుంది మాస్టారూ. ఆ "ని"ని మన ద్వితీయా విభక్తిగా పొరబడకూడదు. అక్కడ అది మన "గా" చేసే పనే చేస్తుంది.

— "గా" వరకు ఒప్పుకుంటాను, కానీ ఒక్కసారిగా అనగానే ఉలికిపాటు ధ్వనిస్తుంది. జపానీయులు "ఇచిదో ని" అన్నప్పుడు అన్నీ కలిసి జరగడమే ముందు స్ఫురిస్తుంది కనుక ఒకేసారి అనడమే న్యాయం. పైగా అవి మూడువేల లోకాలు కావు. బౌద్ధుల త్రిసాహస్రం వెయ్యిని మూడుమార్లు హెచ్చించినది, అంటే వంద కోట్లు.

— కలిసి రావడమూ, హఠాత్తుగా రావడమూ రెండూ ఇమిడిన "ఒక్కుమ్మడిగా" మనకు ఉండగా ఈ తగవెందుకు?

— ఒక్కుమ్మడిగా దండు విరుచుకుపడుతుందమ్మా, పువ్వు విచ్చుకోదు. రాజధాని నుంచి బహిష్కృతుడై క్యోతో విడుస్తూ తన పెరటి ఉమె చెట్టుతో, తూర్పుగాలి వీచినప్పుడు పరిమళం పంపమని, యజమాని లేడని వసంతాన్ని మరువవద్దని చెప్పుకున్న ప్రాచీన జపాను కవి సుగవర నో మిచిజనె పద్యం తెలిసినవారెవరూ ఆ పువ్వు పక్కన అంత బరువైన మాట పెట్టరు. (ఉమెను రేగు అనేవారూ ఉన్నారు, అది ఆప్రికాట్‌కు దగ్గరి చుట్టం.)

— వెలివేత ప్రస్తావన వచ్చింది కనుక అంటున్నాను. 1892లో నావోను ఆవహించాడని ఒమోతో వారు నమ్మే ఉషితోర నో కొంజిన్ కూడా ఈశాన్యానికి వెలివేతకు గురైన దేవుడే. మనకు ఈశాన్యం శివుడి మూల, బావి తవ్వే చోటు. వారికి అది దయ్యాల ద్వారం. భయపడి తప్పుకుతిరిగే ఆ దిక్కునుంచి దేవుడు తిరిగివస్తున్నాడంటే ఉలికిపాటు ఉండవలసిందే, కనుక నా ఓటు ఒక్కసారిగాకే.

— చదువురాని నావో దాదాపు అంతా హిరగానాలోనే (ధ్వనిని మాత్రమే సూచించే జపాను అక్షరాల్లోనే) రాసిందనీ, ఆమె అల్లుడు ఒనిసబురో దానికి కంజి లిపి (అర్థాన్ని సూచించే చీనా అక్షరాలు) కూర్చి 1917 నుంచి అచ్చువేయించాడనీ మరవకండి. మనం తూస్తున్న మాటల్లో ఆమెవి ఎన్నో, ఆయనవి ఎన్నో!

— అందరికీ కృతజ్ఞతలు. ఆ వెంటనే వచ్చే "ఉషితోర నో కొంజిన్ నో యో ని నరిత జో యో" (ఉషితోర నో కొంజిన్ లోకం వచ్చేసింది) చివరి "జో యో"ను ఆ ఉపన్యాసకులు "సుమా" అన్నట్టు ఇప్పుడు గుర్తుకొస్తోంది. అది సరేనా?

— సుమా మరీ మెత్తన. "అయిపోయిందిరోయ్" అనాలి.