మ్యూట్ పెట్టడం మర్చిపోతే నీళ్లలో గీతలు కనిపించాయి: సుడేనా, నాయిసా?

పాతమ్యూట్:
అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా సీస్మిక్ డేటా ప్రాసెసింగ్ చేస్తున్నాను, అంటే ధ్వని పంపితే పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులతో చిత్రం గీసే పని. సముద్రపు లైన్ (ఓడ ఒక గీత వెంట వెళుతూ తీసిన డేటా) చేతికొస్తే నేను మొదట చేసే పని ఒకటే. అడుగు ఎక్కడుందో గుర్తించి, దాని పైనున్న నీటినంతా మ్యూట్ చేసేస్తాను, అంటే చిత్రంలోంచి తుడిచేస్తాను. మాకు కావలసింది అడుగు కిందున్న మట్టీ రాయీ. నీళ్లలో ఏముంటుంది, నీళ్లే కదా అనుకునేవాణ్ణి.

మొన్న అంటార్కిటికా షెల్ఫ్ (తీరం చుట్టూ లోతు తక్కువగా ఉండే సముద్రం) మీద ఎప్పుడో తీసిన పాత లైన్ ఒకటి వచ్చింది. టెస్ట్ ఫ్లోలో మ్యూట్ ఆన్ చేయడం మర్చిపోయాను. పైగా గెయిన్ (బలహీన సంకేతాలను పెంచి చూపే సెట్టింగ్) బాగా పెంచి ఉంది. సెక్షన్ తెరిస్తే 0.8 సెకన్ల (ధ్వని వెళ్లి రావడానికి పట్టిన సమయం) దగ్గర అడుగు నల్లగా, మందంగా కనిపించింది. దానికి పైన, 0.3 నుంచి 0.5 సెకన్ల మధ్య, వెంట్రుకల్లాంటి గీతలు. ఎడమవైపు నాలుగు కిలోమీటర్ల మేర ఒక గీత పైకి, ఒకటి కిందికి వంగి రెండు కొసల్లో కలిశాయి, అచ్చం కన్ను ఆకారం. లోపల ఏమీ లేదు, ఖాళీ. కుడివైపు ఇంకో గీతల గుంపు ఏటవాలుగా దిగుతోంది.

ధ్రువ సముద్రాల్లో చిన్న సుడులను ఇలా పట్టుకుంటారని విన్నాను. ఇది అదేనా, లేక నాయిస్ చూసి మురిసిపోతున్నానా? ఆఫీసులో అడిగితే "మ్యూట్ పెట్టుకుని పని చూడు" అన్నారు.

చలినీళ్లు:
మురిసిపోండి, తప్పులేదు. కాకపోతే కొంచెం ఆగి.

నీళ్లలో నుంచీ ధ్వని వెనక్కొస్తుందండీ. వెచ్చటి పొర, చల్లటి పొర ఆనుకున్న చోట ధ్వని వేగం మారుతుంది. ఒక డిగ్రీ తేడాకి సెకనుకు నాలుగు మీటర్ల పైచిలుకు, అంతే. అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనితో పోలిస్తే ఇది వందో వంతో, ఇంకా తక్కువో. మీ గెయిన్ అలా పెరిగి ఉండకపోతే ఏమీ కనిపించేది కాదు. 2003లో హోల్‌బ్రుక్ బృందం న్యూఫౌండ్‌లాండ్ దగ్గర, లాబ్రడార్ చల్లటి ప్రవాహం వెచ్చటి అట్లాంటిక్ నీటిని తాకే చోట ఇలాంటి చిత్రాన్నే ప్రచురించింది. వాళ్లదీ భూమి పొరల కోసం తీసిన డేటానే.

ధ్రువాల దగ్గర ఇది మరీ అక్కరకొస్తుంది. భూభ్రమణం, నీటి పొరల మధ్య సాంద్రత తేడా కలిసి సుడి ఎంత ఉండాలో తేలుస్తాయి. భూమధ్యరేఖ దగ్గర ఆ కొలత రెండు వందల కిలోమీటర్ల దాకా పోతుంది. ధ్రువాల వైపు పదో, పదిహేనో. షెల్ఫ్ మీద ఇంకా తక్కువ. ఓడ ఆపి సీటీడీ (నీటి ఉప్పు, ఉష్ణోగ్రత కొలిచే పరికరం) దించే స్టేషన్లు ఇరవై కిలోమీటర్లకొకటి ఉంటే, మీ నాలుగు కిలోమీటర్ల సుడి వాటి మధ్యలోంచి హాయిగా జారుకుంటుంది. ఉపగ్రహానికి మంచు అడ్డం, మబ్బు అడ్డం, పైగా ఇది రెండు వందల మీటర్ల కింద ఉంది. మీ డేటాలో 6.25 మీటర్లకొక ట్రేస్ (ఒక చోటి ప్రతిధ్వని రికార్డు) ఉందనుకుంటే, ఆ కన్ను మీద ఆరు వందలకు పైగా ట్రేసులున్నట్టు. ఐదు నాట్స్ వేగంతో ఓడ దాన్ని దాటడానికి అరగంట కూడా పట్టదు. ఈలోగా సుడి సెకనుకు పది సెంటీమీటర్లు కదిలినా జరిగేది నూటయాభై మీటర్లే.

కన్ను లోపల ఖాళీ అన్నారు చూడండి, నాకు ఆశ పుట్టింది అక్కడే. సుడి నడిమి నీరు బాగా కలిసిపోయి ఉంటే తిప్పి కొట్టడానికి అందులో పొరలుండవు. బెల్లింగ్స్‌హాసెన్ సముద్రంలో ఇలాంటి వెచ్చటి సుడులను సీస్మిక్‌తోనే చూసి 2018లో ప్రచురించారు. లోతునుంచి వెచ్చటి నీటిని షెల్ఫ్ మీదికి మోసుకొచ్చేవాటిలో ఇవీ ఒకటి. ఆ నీరే తేలే మంచు పలకలను కిందినుంచి కరిగిస్తుంది.

ఇంతకీ స్టాక్‌కి (ఒకే చోటి రికార్డులను కలిపే పనికి) ఏ ధ్వని వేగం వాడారు? అలవాటుగా సెకనుకు 1500 మీటర్లు పెట్టారా? అక్కడి నీటికి 1450 చుట్టూ ఉంటుంది. 0.4 సెకన్ల రిఫ్లెక్టర్‌కి (ప్రతిధ్వనించే పొరకి) 800 మీటర్ల ఆఫ్‌సెట్‌లోనే (శబ్దం పేల్చే చోటికీ వినే చోటికీ ఉన్న దూరం) 15 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. 50 హెర్ట్జ్ అలకి పూర్తి చక్రమే 20 మిల్లీసెకన్లు. కలిపినప్పుడు అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఉన్న గీతల్ని మీరే చెరిపేసుకుంటున్నారు.

వెనకడెక్:
ఓడ మీద స్ట్రీమర్లు (ఓడ వెనక లాగే, ధ్వనిని వినే పొడవాటి కేబుళ్లు) దించీ ఎత్తీ చేతులు కాయలు కాసినవాణ్ణి, నాదో మాట. ఆ షెల్ఫ్‌ల అడుగు మామూలుది కాదు. హిమానీనదాలు నొక్కి నొక్కి గట్టిపరిచినది. పేల్చిన శబ్దం అడుక్కీ పైకీ మధ్య బంతిలా ఎగురుతూనే ఉంటుంది. పదేసి సెకన్లకో షాట్ అయితే, వెనకటి షాట్ తాలూకు మిగులు తర్వాతి షాట్ నీటి భాగంలోకి వచ్చి కూర్చుంటుంది. చూడ్డానికి అచ్చం పొరలాగే ఉంటుంది! నేను ఒకసారి దాన్ని చూపించి అందరిచేతా టీ తాగించాను, తర్వాత తల దించుకున్నాను.

స్టాక్ పక్కన పెట్టండి. ఓడకి దగ్గరి ఛానల్ (స్ట్రీమర్‌లో ధ్వనిని వినే ఒక భాగం) ఒక్కటే తీసి షాట్ల వరసలో పరచండి. షాట్లు దూరాన్ని బట్టి పేలుస్తారు కాబట్టి మధ్య సమయం కాసేపు 9.8 సెకన్లు, కాసేపు 10.1 అవుతుంది. నిజమైన పొర ఉన్నచోటే నున్నగా సాగుతుంది. వెనకటి షాట్ మిగులైతే రంపపు పళ్లలా పైకీ కిందికీ ఎగురుతుంది.

తిమింగలంపక్షం:
చిన్న మాట. ఇవి చూడటానికని కొత్తగా ఎయిర్‌గన్లు (గాలిని వదిలి ఆ శబ్దం చేసేవి) పేల్చుకుంటూ పోకండి, అక్కడ తిమింగలాలున్నాయి. అంటార్కిటికా పాత సీస్మిక్ డేటా 1991 నుంచి ఒక ఉమ్మడి లైబ్రరీలో పోగవుతోంది. అందులో నీటి భాగం ఎవరూ తెరవని లైన్లు ఎన్నుంటాయో.

పాతమ్యూట్:
రెండూ చేశాను. దగ్గరి ఛానల్లో కుడివైపు గుంపు రంపపు పళ్లే. వెనకడెక్ గారూ, మీ టీ బాకీ నేను తీరుస్తాను. ఎడమవైపు కన్ను మాత్రం నున్నగా నిలబడింది. 1450తో మళ్లీ స్టాక్ చేస్తే అంచులు చిక్కబడ్డాయి, కింది అంచు ఒకటనుకున్నది మూడు గీతలుగా విడిపోయింది. ఇప్పుడు ఈ వాలుని బట్టి ప్రవాహ వేగం లెక్కకట్టొచ్చా?

చలినీళ్లు:
తొందరపడకండి. వాలు నుంచి వచ్చేది లోతుతో వేగం ఎలా మారుతోందనేదే, అసలు వేగం కాదు. దానికి ఏడీసీపీ (ధ్వనితో ప్రవాహ వేగం కొలిచే పరికరం) లాంటిది తోడుండాలి. ఇంకో చిక్కు ధ్రువాలదే. గడ్డకట్టే దశలో ఉన్న నీటి సాంద్రతను ఉప్పు నడుపుతుంది, మీ గీతల్ని ఎక్కువగా గీసేది ఉష్ణోగ్రత. రెండూ ఒకే వాలులో ఉన్నాయని తేలందే ఆ లెక్క నమ్మలేం. ఆ లైన్ తీసినప్పుడు ఓడ నుంచి ఎక్స్‌బీటీలు (నీళ్లలోకి వదిలి ఉష్ణోగ్రత కొలిచేవి) గానీ సీటీడీ గానీ దించారేమో లాగ్‌బుక్ వెతకండి. ఆ కన్ను దగ్గర్లో ఒక్కటి దొరికినా చాలు.

పాతమ్యూట్:
లాగ్ స్కాన్ కాపీలున్నాయి, చేతిరాత. రేపు కూర్చుంటాను.