స్టేటస్ పెట్టినవాళ్లు తర్వాత చెయ్యి సాయం చేస్తారా?

గోదారిగట్టు:
2024 సెప్టెంబరులో బుడమేరు వరదలప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చాలామంది విజయవాడ కోసం స్టేటస్‌లు పెట్టారు. మర్నాడు దుప్పట్లు, బియ్యం అడుగుతూ గడపగడపకీ తిరిగితే ఇచ్చినవాళ్లు కొద్దిమందే. పెట్టేశాం కదా అన్న తృప్తే సాయానికి అడ్డం పడుతోందంటాను. మీరేమంటారు?

పాత చందాదారు:
అడ్డం పడుతుందని నేననుకోనండి. కెనడాలో నవంబరు 11న అమరసైనికుల జ్ఞాపకంగా చొక్కాకి ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుంటారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరికి ఆ పువ్వు నలుగురికీ కనబడేలా పెట్టారు, కొందరికి కవర్లో పెట్టి ఇచ్చారు, కొందరికి అసలివ్వలేదు. కాసేపటికి మాజీ సైనికుల కోసం చందా అడిగారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. కవరు అందుకున్నవాళ్లే ఎక్కువిచ్చారు. పువ్వు పెట్టుకున్నవాళ్లకీ ఏమీ అందనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పువ్వు వల్ల నష్టం జరగలేదు, అది చందాదాకా తీసుకెళ్లలేదంతే. నలుగురూ చూశాక మంచివాళ్లమనిపించుకోవాలన్న కోరిక తీరిపోతుంది. ఎవరూ చూడనప్పుడు మాత్రం ఇది నాకు ముఖ్యమేనా అని మనిషి తనలోకి తాను చూసుకుంటాడు.

మెహిదీపట్నం:
మరి 2014లో నెత్తిన ఐసునీళ్లు పోసుకుని వీడియోలు పెట్టిన ఐస్ బకెట్ ఛాలెంజ్ సంగతో? అంతా బహిరంగమే. అయినా అమెరికాలో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం పనిచేసే ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అదే ఏడు మన హైదరాబాద్‌లో పాత్రికేయురాలు మంజులత కళానిధి మొదలుపెట్టిన రైస్ బకెట్ కూడా ఫొటోలతోనే ఊరూరా పాకింది. దాచుకుని చేస్తే పక్కవాడికెలా తెలుస్తుందండీ?

పాత చందాదారు:
ఆ రెండింట్లోనూ ఇవ్వడమన్నది ఆటలోనే ఉంది కదండీ! రైస్ బకెట్‌లో ముందు అవసరమున్న మనిషికి బకెట్ బియ్యం ఇవ్వాలి, ఫొటో ఆ తర్వాత. ఫేస్‌బుక్‌లో సూడాన్‌లోని డార్ఫుర్ మారణకాండ బాధితుల కోసం పెట్టిన పేజీలో పది లక్షల మందికి పైగా చేరారు, దాదాపు ఎవరూ పైసా ఇవ్వలేదు. అక్కడ చేరడంతోనే పనైపోయింది. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం గుర్తుందా? బళ్లో డబ్బాలో నాణెం వేస్తేనే జేబుకి కాగితం జెండా అంటించేవారు. నాకు ఆ వరసే నచ్చుతుంది.

గోదారిగట్టు:
అయితే ఈసారి గ్రూపులో పోస్టు పెట్టను. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి, ఏమివ్వగలరో అడుగుతాను. ఇచ్చినవాళ్ల పేర్లు, వాళ్లకిష్టమైతేనే, తర్వాత గ్రూపులో పెడతా.

మెహిదీపట్నం:
పేర్లు పెట్టాల్సిందేనండి. అది చూసి ఇచ్చేవాళ్లు ఇంకొందరుంటారు.