పొట్ట విచ్చి చూడాలా, విప్పి చూడాలా?

అడిగినవారు: పురీషనాళంలో గడ్డకు ఆపరేషన్ ముందు చేసే అల్ట్రాసౌండ్ గురించి రోగుల కోసం కరపత్రం రాస్తున్నాను. గడ్డ ఎంత లోతుకు దిగిందో కోయకుండానే చూస్తారు కదా, అక్కడ వేమన మేడిపండు పద్యం పెట్టాలని ఆశ. రెండో పాదం "పొట్ట విచ్చి చూడ"నా, "విప్పి చూడ"నా? నిన్నటి నుంచి తెమలడం లేదు.

బడిపంతులు: విప్పి. విచ్చేది పువ్వు, దానంతట అది. పొట్టను మనమే విప్పాలి.

ఆటవెలది: మరి విచ్చుకత్తి మాటేమిటి మాస్టారూ? ఒరలోంచి తనంతట తాను వచ్చిందా? ఛందస్సూ తేల్చదు, రెండూ గలాలే, యతికి ఢోకా లేదు. నా ఓటు "చ్చి"కే. మేడిపండును రెండు వేళ్లతో నొక్కి విచ్చుతాం. విప్పడానికి అదేమైనా మూటా?

కత్తిపట్టినవాడు: సర్జన్‌గా ఒక మాట. ఏ పాఠమైనా ఆ పద్యం ఇక్కడ పొసగదు. నీటి బెలూన్ తొడిగిన ప్రోబ్ లోపల తిప్పితే పేగు గోడ ఐదు చారలుగా కనిపిస్తుంది: తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. రెండో నల్ల చార కండరం. గడ్డ ఆ కండరంలోనే ఆగితే లోతు లెక్కలో టీ2 దశ, దాన్ని దాటి చివరి తెల్ల చారను చీలిస్తే టీ3. చిక్కేమిటంటే, గడ్డ చుట్టూ ఉన్న వాపు కూడా నల్లగానే ఉంటుంది. టీ2 కాస్తా టీ3 అయి కూర్చుంటుంది. చూడబోతే పురుగులు, కోసి చూస్తే మేలిమి!

ఆటవెలది: గడ్డ ఉన్న లోతు కన్నా తక్కువగా కనిపించడం లేదా? అప్పుడు వేమనే గెలిచాడు.

కత్తిపట్టినవాడు: ఉంది. పేరున్న కేంద్రాల తొలి నివేదికల్లో లోతు అంచనా 80-95 శాతం సరిపోయేది. తర్వాత జర్మనీలో వందలాది ఆసుపత్రుల నుంచి 7,000 మందికి పైగా రోగుల లెక్క తీస్తే 65 శాతం దగ్గర ఆగింది. తప్పినవాటిలో ఇంచుమించు సగం ఎక్కువ చూపినవి, సగం తక్కువ చూపినవి. కాబట్టి మీ వేమనకు సగం మార్కులే.

బడిపంతులు: ఒక్క "ప్పి" కోసం మనం ఇలా కొట్టుకుంటుంటే, 1829లో వేమనను అచ్చు వేయించిన బ్రౌన్ దొర ఎన్ని తాటాకులతో వేగాడో!

ఆటవెలది: "చ్చి" కోసం.

అడిగినవారు: పద్యం తీసేశాను. "వాపు కూడా గడ్డలా కనిపించవచ్చు" అని రాశాను. అన్నట్టు డాక్టరు గారూ, "చీలిస్తే" అన్నారు. "చీల్చితే" కదా?