కొలసీసి పిట్టను గుర్తుపట్టడం, సాకడం: అనుభవాలు పంచుకోగలరు

దావావో వైద్య విద్యార్థిని:
మా ఇంటి యజమానురాలు కొబ్బరిచెట్టు కింద దొరికిందంటూ గుప్పెట్లో పట్టేంత ఆకుపచ్చ చిలుకను నాకు అప్పగించారు. ముక్కూ నడుమూ ఎర్రగా ఉన్నాయి, నుదుటి నుంచి నడినెత్తి దాకా ఎరుపే ఉంది. గొంతు దగ్గర మాత్రం ఎరుపు లేదు, చెంపల మీద లేత నీలి ఛాయ ఉంది. రాత్రి దీపం వేసి చూస్తే పంజరం పైకప్పు తీగను పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ కళ్ళు మూసుకుని ఉంది. జబ్బు చేసిందేమోనని భయంగా ఉంది. గింజలు వేస్తే ముట్టడం లేదు.

మనీలా ఇంజినీరు:
భయపడకమ్మా, అది జబ్బు కాదు, నిద్ర. ఫిలిప్పీన్స్‌లో కొలసీసి అని పిలిచే ఈ పిట్ట పద్నాలుగు సెంటీమీటర్లకు మించదు, గబ్బిలంలా వేలాడే నిద్రపోతుంది. మన అరకు అడవుల్లో కనిపించే దీని దాయాదికీ అదే అలవాటు. అయితే దాని నుదురు ఎర్రగా ఉండదు. గొంతు మీద ఎరుపు మగదానికే ఉంటుంది కాబట్టి మీది ఆడదని నా అభిప్రాయం. నెత్తి అంతా ఎర్రబడడం మీ దావావో ఉన్న మిండనావో ద్వీపపు రూపానికి గుర్తు. లూజోన్ ద్వీపంలో ఎరుపు నుదుటికే పరిమితమై, దాని వెనుక సన్నని పసుపు చార కనిపిస్తుంది. కమిగిన్ ద్వీపంలో మగదానికీ గొంతు ఎర్రగా ఉండదు. 1960లలో అక్కడ సేకరించిన నమూనాలను మ్యూజియంలో పరిశీలించి, 2006లో దానిని వేరే జాతిగా వర్ణించారు. అందుకే ఏ ద్వీపంలో దొరికిందన్నది ముందు అడగాలి.

సెబు నివాసి:
ఇంజినీరు గారి మాటకు ఒకటి చేరుస్తాను. గువాయబేరో అనే మరో పొట్టి తోక చిలుక కూడా ఫిలిప్పీన్స్‌దే, మగదాని ముఖం నీలిగా ఉంటుంది. ముక్కు ఎర్రగా ఉందా లేదా చూస్తే తేడా తెలిసిపోతుంది.
తిండి విషయంలో నా తప్పు చెప్పుకోవాలి. నాకు ఇలాగే దొరికిన పిట్టకు ఉదయం కలిపిన మకరందపు నీళ్ళను సాయంత్రం దాకా అలాగే ఉంచాను. ఈ ఎండకు అది పులిసిపోయింది. పిట్టకు విరేచనాలు పట్టుకుని మూడో రోజున చనిపోయింది. ఈ జాతి పువ్వుల తేనె, మెత్తని పండ్లు తిని బతుకుతుంది, గింజల మీద నిలవదు. పండిన అరటి, బొప్పాయి ముక్కలు, చిలుకల కోసం అమ్మే మకరందపు పొడి కలిపిన నీళ్ళు ఇవ్వండి. రెండు మూడు గంటలకొకసారి పారబోసి, గిన్నెను వేడినీళ్ళతో కడగండి. రెట్ట పల్చగా, ఎక్కువగా పడుతుంది కాబట్టి అడుగున కాగితం రోజూ మార్చాలి. అవకాడో మాత్రం ముట్టించవద్దు, అది చిలుకలకు విషం.

హైదరాబాద్ పక్షి వైద్యుడు:
సెబు మిత్రుల మాట అక్షరాలా నిజం. నీరసించిన పిట్టను ముందు గాలి తగలని, వెచ్చని చోట ఉంచి, ఆ తరువాతే తిండి పెట్టాలి. వంటింట్లో మాత్రం పెట్టవద్దు; నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ ఇంత చిన్న పక్షిని నిమిషాల్లో చంపేయగలదు.

మనీలా ఇంజినీరు:
ఇంకొక మాట. 2001 నాటి ఫిలిప్పీన్స్ వన్యప్రాణి చట్టం, అంటే 9147వ రిపబ్లిక్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా దీనిని ఇంట్లో ఉంచుకోరాదు. పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేయండి. సికిహోర్ ద్వీపపు రూపం ఇప్పటికే అంతరించిపోయిందని భావిస్తున్నారు. అడవి పోవడానికి తోడు పట్టి అమ్మడం కూడా ఈ పిట్టలకు ముప్పే.

దావావో వైద్య విద్యార్థిని:
అందరికీ కృతజ్ఞతలు. బొప్పాయి ముక్కను తీగకు గుచ్చితే తలకిందులుగానే వేలాడుతూ తిన్నది. పంజరంలో ఉంచిన కొమ్మ ఆకును ముక్కుతో సన్నగా చీల్చి, ఆ పేలికను నడుము ఈకల మధ్య దోపుకోవడం చూసి, ఇది గూడు కట్టే వయసు ఆడదేనని నాకూ అర్థమైంది. శాఖవారికి ఫోన్ చేశాను, రేపు ఉదయం వచ్చి తీసుకువెళతామన్నారు. ఆ కొబ్బరిచెట్టు ఎక్కడుందో కూడా వారికి చూపిస్తాను.