హీటర్ లేని గ్రీన్‌హౌస్‌లో మాస్డెవాలియా ఆర్కిడ్లు చలికాలం గట్టెక్కుతాయా?

అందరికీ నమస్తే అండి, మేముండేది ఇంగ్లండ్‌లో లీడ్స్ దగ్గర, పెరట్లో 6 బై 8 అడుగుల గ్లాస్ గ్రీన్‌హౌస్ ఉంది, హీటర్ లేదు, కరెంటు బిల్లు చూస్తే పెట్టే ధైర్యమూ లేదు. పోయిన జనవరిలో లోపల మైనస్ 3 దాకా పడిపోయింది. ప్లయోనీ ఆర్కిడ్లకి ఏం కాలేదు, ఆకులు రాలాక దుంపల్ని పొడిగా ఇంట్లో చల్లటి గదిలో పెట్టేశా. గొడవంతా మాస్డెవాలియాలతోనే. అవి ఆండీస్ మబ్బుల అడవుల్లోవి కదా, చల్లదనం ఇష్టమే గానీ గడ్డకట్టే చలి కాదు, పైగా నీళ్లు దాచుకునే దుంపలు లేవు కాబట్టి ఎండబెట్టడం కుదరదు, తడిగా ఉంచితేనేమో ఆకులు మొదళ్ల దగ్గర నల్లబడి ఊడిపోతున్నాయి. రెండు పోయాయి, ఒకటి కొనఊపిరితో ఉంది.

బబుల్ ర్యాప్ రెండు వరసలు కడితే సరిపోద్దా, లేక నవంబర్ నుంచి మార్చి దాకా ఇంట్లోకి తెచ్చుకోవాల్సిందేనా? ఇంట్లో సెంట్రల్ హీటింగ్‌కి గాలంతా పొడి, ఉన్న ఒక్క మంచి కిటికీ దగ్గర మా ఆవిడ కరివేపాకు కుండీ, అది జరపనివ్వదు 😅

జపాన్ నియోఫినెటియా ఆర్కిడ్ కాస్త చలికి ఆగుతుందంటున్నారు, హీటర్ లేకుండా ఎవరైనా పెంచారా? రాత్రి ఎన్ని డిగ్రీల దాకా ఆగిందో, అప్పుడు నీళ్లు పోశారో మానేశారో కూడా చెప్పండి ప్లీజ్.